నాలా రెండు జిల్లాల్లో ఉంది, కాలనీల వాళ్ళం కలిసి పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బాలాపూర్_వైపు:

అందరికీ నమస్కారం. బాలాపూర్ మండలంలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. మాది రంగారెడ్డి జిల్లా, మా నాలా వెంబడి కాస్త కిందికి నడిస్తే హైదరాబాద్ జిల్లా వచ్చేస్తుంది. మేము మహేశ్వరం నియోజకవర్గం, వాళ్ళు చాంద్రాయణగుట్ట. ఎంపీ సీటు మాకు చేవెళ్ల, వాళ్ళకు హైదరాబాద్. ఒక్క నాలాకు ఇద్దరు కలెక్టర్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు, ఇద్దరు ఎంపీలు, ఇద్దరు తహసీల్దార్లు. ఎవరి దగ్గరికి వెళ్ళినా మర్యాదగానే మాట్లాడతారు, కానీ తమ పరిధి వరకే చెబుతారు.

2020 అక్టోబరు వరద ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. గుర్రం చెరువు బాలాపూర్ వైపు ఉంది, కట్ట తెగితే మునిగింది కింద హఫీజ్ బాబా నగర్. చెరువు ఒక జిల్లాది, ఇళ్ళు ఇంకో జిల్లావి.

ఇప్పుడు మా సమస్య చెబుతాను. హద్దు దగ్గర ఒక కల్వర్టు ఉంది. పై వైపు నాలా వెడల్పుగానే వస్తుంది, అక్కడికొచ్చేసరికి హ్యూమ్ పైపుల్లోకి (గుండ్రటి సిమెంటు పైపులు) దూరాలి. పైపుల నోటికి కవర్లు, థర్మకోల్, పాత పరుపులు, కొబ్బరి బోండాలు అడ్డం పడి ఉంటాయి. వానలకు ముందు మా వైపు పూడిక తీసే జేసీబీ వస్తుంది, కల్వర్టు దాకా తీసి ఆగిపోతుంది, అడిగితే ఎస్టిమేట్ ఇంతవరకే అంటారు. అటువైపు పని వేరే టెండరు, వేరే కాంట్రాక్టరు, అది ఎప్పుడో. తీసిన పూడికను గట్టు మీదే కుప్ప పోసి వెళ్తారు కాబట్టి మొదటి వానకే సగం మళ్ళీ లోపలికి జారుతుంది. ఇంకో సంగతి, శుభ్రం చేసిన మా నాలాలో నీళ్ళు ఇదివరకటి కంటే జోరుగా వచ్చి, శుభ్రం కాని పైపుల దగ్గర ఆగి, అటు వీధుల్లోకి ఎక్కుతున్నాయి. అంటే మేము కష్టపడి చేయించుకున్న పని పక్కవాళ్ళకు చేటవుతోంది. ఇది నన్ను చాలా బాధిస్తోంది.

2025 డిసెంబరులో మా మున్సిపాలిటీతో కలిపి మొత్తం 27 పట్టణ సంస్థలను జీహెచ్ఎంసీలో, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిపారు, ఇక హద్దుల గొడవ ఉండదని చాలామంది అన్నారు. చెత్త బండి, వీధి దీపం లాంటివాటికి అది పనికొస్తుందేమో గానీ చెరువు సర్వే రెవెన్యూది, కట్ట ఇరిగేషన్‌ది, మురుగు ఇంకో శాఖది. జిల్లా హద్దు ఎక్కడున్నది అక్కడే ఉంది.

అందుకే రెండు వైపుల కాలనీ పెద్దలం ఒక్కచోట కూర్చోవాలని నా ఆలోచన. మా వాళ్ళను కదిపితే ‘వాళ్ళు నాలా మీద ఇళ్ళు కట్టి మూసేశారు, వాళ్ళతో ఏం మాట్లాడతాం’ అంటున్నారు. అటువైపు తెలిసినవాళ్ళను కదిపితే ‘మీ డ్రైనేజీ అంతా మా మీదకు వదులుతున్నారు’ అంటున్నారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. ముందు ఫెడరేషన్ లాంటిది రిజిస్టర్ చేయాలా, లేక ఊరికే కలిసి పని మొదలుపెట్టాలా? ఎవరిని పిలవాలి? ఇలా చేసి చూసినవాళ్ళు ఉంటే వివరంగా చెప్పండి.

---

పాత_ఇరిగేషన్:

తమ్ముడూ, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. జిల్లా మ్యాపు మడిచి పక్కన పెట్టి ముందు గ్రామ నక్షాలు తెచ్చుకోండి. పాత నక్షాలో చెరువు, శిఖం (చెరువు నీళ్ళు నిలిచే భూమి), కట్ట, వాగు అన్నీ సర్వే నంబర్లతో ఉంటాయి. మీ పై ఊరి నక్షా, మీ ఊరిది, కింది ఊరిది వరుసగా పక్కపక్కన పరిస్తే ఏ చెరువు మత్తడి (నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు) ఏ చెరువులోకి దుంకుతుందో కనిపిస్తుంది. మీరు పిలవాల్సిన కాలనీల జాబితా అదే. నాలా ఏయే కాలనీల గుండా పోతుందో ఆ కాలనీల వాళ్ళే మీ మనుషులు, వాళ్ళు ఏ జిల్లా అయినా, ఏ పార్టీ అయినా.

మన దగ్గరివి గొలుసు చెరువులు కదా, పైది నిండితే మత్తడి మీదుగా కిందిదానికి, అది నిండితే ఇంకా కిందికి, చివరకు మూసీకి. పాతకాలంలో ప్రతి చెరువుకు నీరటి ఉండేవాడు, తూము (కట్ట కింద నీళ్ళు వదిలే గేటు) ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో అతనికి తెలుసు, పై ఊళ్ళో చెరువు పొంగుతుంటే కింది ఊరికి కబురు వెళ్ళేది. ఇప్పుడు ఆయకట్టు అంతా ప్లాట్లయింది, తూము ఎత్తే పని లేదు, చాలాచోట్ల తూము ఎక్కడుందో కూడా కనిపించదు. మరోపక్క ఏడాది పొడవునా మురుగు వచ్చి చేరుతూనే ఉంటుంది. కాబట్టి జూన్ వచ్చేసరికే చెరువు నిండుగా ఉంటుంది, వాన నీటికి చోటుండదు. వచ్చిన ప్రతి చుక్కా వెంటనే మత్తడి మీదుగా కిందికే. పెద్ద వానలో ఆ బరువంతా కట్ట మీద పడుతుంది. వరద అంటే అందరూ నాలా ఆక్రమణ ఒక్కటే చెబుతారు, అది నిజమే, కానీ చెరువులో చోటు లేకపోవడం దానికంటే తక్కువ కారణమేమీ కాదు.

దీనికి పరిష్కారం వానలకు ముందు తూము ద్వారా నెమ్మదిగా నీటిమట్టం తగ్గించుకోవడం. చేతిలో పనే. కానీ పైవాళ్ళు తూము ఎత్తితే ఆ నీళ్ళు కిందివాళ్ళ నాలాలోకే పోతాయి, అప్పటికి అక్కడ పూడిక తీసి ఉండకపోతే ఎండాకాలంలోనే వాళ్ళ వీధుల్లోకి మురుగు వస్తుంది. కాబట్టి ముందు కింద పూడిక తీయాలి, తర్వాత పైన తూము ఎత్తాలి, ఈ వరుస తప్పకూడదు. దీన్ని ఏ ఒక్క ఆఫీసూ తనంతట తాను చేయదు, రెండు వైపుల వాళ్ళు కలిసి ఒకే తేదీల పట్టిక పట్టుకుని అడిగితేనే చేస్తారు. మీ సంఘం పుట్టడానికి ఈ ఒక్క పని చాలు.

కాగితాల విషయం. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) మ్యాపులు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) లేక్ ప్రొటెక్షన్ కమిటీ సైటులో ఉంటాయి, మీ చెరువుది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా చూసుకోండి, తుదిది కాకపోతే అభ్యంతరాలకు ఇంకా దారి ఉన్నట్టు. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ (కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా), అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. సమాచార హక్కు కింద రెండు జిల్లాల్లోనూ ఒకే రోజు, ఒకే ప్రశ్నలతో దరఖాస్తు వేయండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి చట్టం ఒప్పుకోదు, సెక్షన్ 6(3) ప్రకారం ఆ దరఖాస్తును 5 రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకు వాళ్ళే బదిలీ చేయాలి. రెండు జవాబులు పక్కపక్కన పెడితే కల్వర్టు ఎవరి లెక్కలోనూ లేదని తేలే అవకాశం ఎక్కువ. నా సర్వీసులో అలాంటివి చాలా చూశాను.

---

కింది_గల్లీ:

బాలాపూర్ అన్నా, నేను హఫీజ్ బాబా నగర్ వైపు ఉంటాను, మీరు ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మా దగ్గర ఇప్పటికీ ఆ వరద రాత్రి గురించి మాట్లాడితే మొదట వచ్చే మాట ఆక్రమణల గురించి కాదు, ఎవరూ ముందు చెప్పలేదు అని. కట్ట మీద ఎవరైనా ఉండి ఒక్క ఫోన్ చేసి ఉంటే పిల్లలను, ముసలివాళ్ళను, సర్టిఫికెట్లను మేడ మీదకు చేర్చుకునేవాళ్ళం. మా అమ్మ బీరువాలో కింది అరలోనే ఇంటి కాగితాలన్నీ ఉండేవి, బురదలో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తుంటే స్టాంపు పేపరు పొరలుపొరలుగా ఊడింది. దాని నకలు తెచ్చుకోవడానికి మేము తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు.

కాబట్టి రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం, ముందు ఫోన్ నంబర్లు. చెరువు మత్తడి గోడ మీద, కల్వర్టు గోడ మీద పెయింటుతో అడుగుల గీతలు వేయండి, ఎర్ర గీత ఎక్కడో రెండు వైపుల వాళ్ళం కలిసి నిర్ణయిద్దాం. వాన పడినప్పుడు మీ వైపు ఒకరు ఆ గీత ఫోటో తీసి టైముతో గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు, పార్టీ పోస్టులు ఉండకూడదు, ఒక్క నీటి మాటే. మీరు పంపిన ఫోటోకూ మా గల్లీలో నీళ్ళు రావడానికీ మధ్య ఎంత టైము పడుతుందో ఒక్క సీజన్ చూస్తే మనకే తెలిసిపోతుంది.

ఎవరిని పిలవాలి అన్నారు. సంఘాల అధ్యక్షులను మాత్రమే పిలిస్తే సగం ఇళ్ళు బయటే ఉంటాయి. మా వైపు చాలా గల్లీలకు సంక్షేమ సంఘమే లేదు, మసీదు కమిటీలు ఉన్నాయి, స్కూల్ హెడ్మాస్టర్లు ఉన్నారు, క్లినిక్ నడిపే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ మాటకు విలువ ఉంది. మీ వైపు గణేశ్ ఉత్సవ కమిటీలు ఉన్నాయి. బాలాపూర్ గణేశుడి శోభాయాత్ర ప్రతి ఏడాదీ ఇదే హద్దు దాటి చాంద్రాయణగుట్ట, చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు వెళ్తుంది, దానికి ముందు పీస్ కమిటీల మీటింగుల్లో ఇటు అటు పెద్దలు కూర్చుంటూనే ఉన్నారు. లడ్డూ వేలం డబ్బు 1994 నుంచి ఊరి పనులకే పెడుతున్న వాళ్ళకు నాలా సంగతి అర్థం కాకుండా ఉంటుందా? ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఇప్పటికే ఉంది. సెప్టెంబరులో ఊరేగింపు కోసం కలిసేవాళ్ళను ఏప్రిల్‌లో పూడిక కోసం కలవమనడమే మన పని.

ఒక్కటి గుర్తుంచుకోండి, నోటీసు తెలుగులో, ఉర్దూలో రెండింట్లోనూ వేయండి. మా దగ్గర పెద్దవాళ్ళు తెలుగు చదవలేరు, తమ భాషలో కాగితం వస్తే తమను లెక్కలోకి తీసుకున్నారని నమ్ముతారు. మొదటి మీటింగు మా వైపు పెట్టండి, చోటు నేను చూస్తాను.

---

దమ్మాయిగూడ_అక్క:

మాది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన. హద్దులు దాటి కలవడం అనగానే నాకు వచ్చే మొదటి అనుమానం చెబుతాను, ఏమీ అనుకోకండి. హైదరాబాద్ చెత్త హద్దు దాటి ఏళ్ళ తరబడి మా దగ్గరికి వస్తూనే ఉంది. సిటీ శుభ్రంగా ఉంది, మల్కారం చెరువు నీళ్ళు నల్లగా మారాయి, సాయంత్రం గాలి తిరిగితే కిటికీలు వేసుకుని కూర్చుంటాం, చుట్టాలు రాత్రి ఉండమంటే ఉండరు. చెత్త గుట్టను పైన కప్పేసి క్యాపింగ్ చేశారు, కరెంటు తయారుచేసే ప్లాంటు పెట్టారు, వాసన మాత్రం పోలేదు.

మరి భారం తగ్గించాలంటే ఏం చేశారు? సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో ఇంకో యార్డు మొదలుపెట్టబోయారు. 2025 ఫిబ్రవరిలో నల్లవల్లి, గుమ్మడిదల వాళ్ళు రోడ్డెక్కారు, పక్కన మెదక్ జిల్లా నర్సాపూర్ వాళ్ళూ కలిసొచ్చారు, అక్కడ పడిన వాన తమ చెరువు వైపే వస్తుందన్న భయం వాళ్ళది. మా దగ్గర కొందరు ‘అక్కడికి పోతే పోనీ, మనకు తగ్గుతుంది’ అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. మేము పడ్డ బాధ ఇంకో ఊరికి రావాలని ఎలా కోరుకుంటాం?

అందుకే మీ సంఘం రాసుకునే మొదటి మాట ఇది కావాలి: మన సమస్యను పక్క కాలనీ మీదకు నెట్టే పనిని మనం అడగం, ఎవరైనా చేస్తానంటే ఒప్పుకోం. నాలాను మళ్ళించడం, గోడ కట్టడం, పైపు వేసి నీళ్ళు కిందికి తోలడం లాంటి ఏ పనికైనా కిందివాళ్ళ సంతకం లేనిదే మన సంఘం నుంచి ఉత్తరం వెళ్ళకూడదు. ఈ రూల్ ఉంటే కిందివాళ్ళు ధైర్యంగా వచ్చి కూర్చుంటారు.

ఇంకొకటి, ఈ మీటింగులు ఆదివారం పొద్దున పెడితే మగవాళ్ళే వస్తారు. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు మోటారు తీసేది, బియ్యం డబ్బాలు పైకెత్తేది ఆడవాళ్ళు. ఏ సందులో మొదట నీళ్ళు ఎక్కుతాయో వాళ్ళకు తెలిసినంత ఇంజనీరుకు తెలియదు. డ్వాక్రా గ్రూపుల లీడర్లను తప్పకుండా పిలవండి, మధ్యాహ్నం మూడింటికి పెట్టండి, వస్తారు. నాలాలో పరుపులు వేసేది కూడా మన ఇళ్ళవాళ్ళే, ఆ మాట ఇంటింటికీ చెప్పగలిగేది వాళ్ళే.

---

అట్లాంటా_నుంచి:

నేను పుట్టి పెరిగింది సంతోష్‌నగర్‌లో, ఇప్పుడు జార్జియాలో ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి చెబితే మీకు ఉపయోగపడుతుందేమో. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది, కాకపోతే దాన్ని నడిపేది ఎన్నికైన కమిషనర్లు. అట్లాంటా ఊరు ఎప్పుడో కౌంటీ హద్దులు దాటి పెరిగిపోయింది. 1947లోనే ఫుల్టన్, డికాల్బ్ అనే రెండు కౌంటీలకు కలిపి ఒక ప్లానింగ్ కమిషన్ పెట్టుకున్నారు, అదే పెరిగి ఇప్పుడు 11 కౌంటీల అట్లాంటా రీజినల్ కమిషన్ అయింది. అందులో కౌంటీ చైర్మన్లు, మేయర్లతో పాటు మామూలు పౌరులు కూడా సభ్యులు. ఏటా వేరువేరు కౌంటీల నుంచి కొంతమంది స్థానిక నాయకులను ఎంచుకుని కొన్ని రోజులు ఒకేచోట ఉంచి ప్రాంతం మొత్తం సమస్యల మీద మాట్లాడిస్తారు. పక్క కౌంటీ మనిషితో ముందే పరిచయం ఉంటే గొడవ వచ్చినప్పుడు కోర్టుకు పోయే ముందు ఫోన్ చేస్తారు. కింది గల్లీ భాయ్ చెప్పిన పీస్ కమిటీ మాట చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

నీళ్ళ కోసం మాత్రం మంచి మాటలు చాలవని 2001లో రాష్ట్రం చట్టం చేసి ఈ కౌంటీలకు ఒకే నీటి ప్రణాళిక సంస్థ పెట్టింది, ఇప్పుడు దాని కింద 15 కౌంటీలు ఉన్నాయి. ఆ ప్లాన్ పాటించని ఊరికి నీటి పనుల కొత్త పర్మిట్లు, ప్రభుత్వ లోన్లు ఆగిపోతాయి. అందుకే పాటిస్తారు.

మన రాజ్యాంగంలోనూ ఇలాంటిది ఉంది. 74వ సవరణతో వచ్చిన 243జెడ్ఈ అధికరణం ప్రకారం 10 లక్షలు, ఆపైన జనాభా ఉన్న మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం మూడింట రెండు వంతులు మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు కావాలి. నీటి పంపకం లాంటి ఉమ్మడి విషయాలు చూడటం దాని పనుల్లో ఒకటి. మీ ఉత్తరాల్లో ఈ అధికరణం పేరు రాయండి. అది నాలా పూడిక తీయదు గానీ, ఈ పని జిల్లాలు కలిసి చేయాల్సిందేనని పైవాళ్ళకు గట్టిగా చెప్పే ఆధారం అవుతుంది.

---

పోచంపల్లి_రైతు:

మీరందరూ మాట్లాడేది మూసీలో కలిసేదాకానే. ఆ తర్వాత మేమున్నాం. మీ నాలాల నీళ్ళు చివరికి మా కత్వల (మూసీకి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) దగ్గరికి వచ్చి, కాలువల్లో పారి, మా పొలాల్లో నిలుస్తాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆ నీటితోనే వరి పండిస్తున్నాం, నాట్లేసే ఆడవాళ్ళకు కాళ్ళు దురదలు పుడతాయి. వరద వస్తే జూలూరు, రుద్రవెల్లి మధ్య లోలెవల్ బ్రిడ్జి మునిగి రాకపోకలు బంద్. మీ గ్రూపులో మా వైపు నుంచి ఒక్క నంబరైనా పెట్టుకోండి. పైన తూములు ఎత్తే తేదీ తెలిస్తే మేము మోటార్లు ఒడ్డుకు లాక్కుంటాం.

---

బాలాపూర్_వైపు:

ఇన్ని మంచి మాటలు వస్తాయనుకోలేదు, అందరికీ చేతులెత్తి నమస్కారం. మా కమిటీలో చదివి వినిపించాను, ఒప్పుకోని పెద్దాయన ఒకరు ‘ముందు కింద పూడిక, తర్వాత పైన తూము’ అన్నదగ్గర మళ్ళీ చదవమన్నారు, తర్వాత తనే వస్తానన్నారు. మొదటి మీటింగు కింది వైపే, మధ్యాహ్నం మూడింటికి, నోటీసు రెండు భాషల్లో. రైతు అన్న నంబరు తప్పకుండా పెట్టుకుంటాం. ఇద్దరు కలెక్టర్లకు ఇవ్వాల్సిన ఉత్తరం ఇలా రాద్దామనుకుంటున్నాను, సరిచూడండి:

‘మేము రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల సరిహద్దులో నాలా వెంబడి నివసించే కాలనీల ప్రతినిధులం. సరిహద్దు కల్వర్టు వద్ద రెండు జిల్లాల రెవెన్యూ, ఇరిగేషన్ సిబ్బందితో ఉమ్మడి సర్వే చేయించి, మే నెలాఖరులోగా ముందుగా కింది వైపు, ఆ తర్వాత పై వైపు పూడిక తీయించి, తీసిన పూడికను గట్టుపై ఉంచకుండా తరలించి, అనంతరం చెరువు తూము ద్వారా నీటిమట్టం తగ్గించవలసిందిగా కోరుతున్నాం. ఈ క్రమానికి రెండు వైపుల కాలనీల అంగీకారం సంతకాలతో జతపరిచాం.’

సంఘం రిజిస్టర్ చేయాల్సి వస్తే ఏం కావాలి? రెండు జిల్లాల వాళ్ళు ఒకే సొసైటీలో ఉండొచ్చా?

---

పాత_ఇరిగేషన్:

ఉండొచ్చు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఆఫీసు అడ్రసు ఏ జిల్లాలో చూపిస్తే అక్కడి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించాలి, పని ప్రాంతం అన్నచోట నాలా దారిలోని ఊళ్ళ పేర్లన్నీ రాయండి. అధ్యక్షుడు పై వైపు అయితే కార్యదర్శి కింది వైపు, ఏడాదికోసారి మార్పు, ఇది బైలాస్‌లోనే రాసుకోండి. కానీ డబ్బు చేతులు మారే పని వచ్చేదాకా తొందర లేదు.

ఉత్తరంలో మూడు మార్పులు. ‘చెరువు’ అని ఊరుకోకుండా పేరు, గ్రామం, సర్వే నంబరు వేయండి. పూడిక ఎక్కడికి తరలించాలో స్థలం కూడా మీరే సూచించండి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. కాపీ ఇరిగేషన్ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), చెరువులు, నాలాల ఆక్రమణలు చూసే హైడ్రాకు, జీహెచ్ఎంసీకి పెట్టండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చేటప్పుడు రెండు కలెక్టరేట్లకూ ఒకే రోజు వెళ్ళండి, మీ వైపు వాళ్ళు ఇద్దరు అటు, అటువైపు వాళ్ళు ఇద్దరు ఇటు. రంగారెడ్డి కలెక్టర్ ముందు హఫీజ్ బాబా నగర్ మనిషి నిలబడి మాట్లాడితే, ఇది ఒక్క జిల్లా అర్జీ కాదని వేరే చెప్పక్కర్లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు తీసుకోకుండా మాత్రం బయటికి రాకండి.